మౌస్ ఆగిందా, కంప్యూటర్ ఆగిందా?

తెర మీద బాణం కదలడం మానేస్తే దాదాపు అందరి చెయ్యీ ఒకే వరసలో నడుస్తుంది. ముందు మౌస్‌ని ఎత్తి బల్లకేసి రెండు మూడుసార్లు తడతారు. తర్వాత వైర్ పీకి మళ్లీ పెడతారు. అప్పటికీ కదలకపోతే కంప్యూటర్ పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. ఈ మూడో పనితో సేవ్ చెయ్యని ఫైలు పోతుంది. చాలాసార్లు అంతదూరం వెళ్లనక్కర్లేదు కూడా. బాణం కదలకపోవడం పైకి కనిపించే లక్షణం మాత్రమే, దాని వెనక జబ్బులు అరడజనుకు తక్కువ ఉండవు. మౌస్ బాగానే ఉండి కంప్యూటరే బిగుసుకుపోయి ఉండవచ్చు. రెండూ బాగుండి మధ్యలో పోర్టు, అంటే మౌస్ వైర్ పెట్టే రంధ్రం, నిద్రపోయి ఉండవచ్చు. అన్నీ సవ్యంగా ఉండి, బాణం కాస్తా హెచ్‌డీఎంఐ వైర్‌తో కలిపిన టీవీ తెర మీదకి జారిపోయి ఉండవచ్చు.

కాబట్టి మొదటి పరీక్ష మౌస్‌కి కాదు, కీబోర్డుకి. క్యాప్స్ లాక్ నొక్కాలి. నొక్కినప్పుడల్లా దాని చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే కంప్యూటర్ బతికే ఉంది. ఆ దీపాన్ని కీబోర్డు తనంతట తాను వెలిగించదు. కీ నొక్కిన సంగతి కీబోర్డు కంప్యూటర్‌కి చెబితే, విండోస్ తిరిగి దీపం వెలిగించమని ఆదేశం పంపుతుంది. దీపం మారిందంటే పోయే దారీ వచ్చే దారీ రెండూ తెరిచే ఉన్నాయన్నమాట. దీపం లేని కీబోర్డయితే విండోస్ కీ నొక్కి స్టార్ట్ మెనూ వస్తుందేమో చూడవచ్చు.

దీపం మారకపోతే మౌస్‌ని వదిలేసి కంప్యూటర్ సంగతి చూడాలి. రెండు నిమిషాలు ఆగాలి. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లు అప్‌డేట్ల సమయంలో అంతసేపు కూడా ఊపిరి బిగబట్టుకుంటాయి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కాలి. అదీ పలకకపోతే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి. ఇది డిస్‌ప్లే డ్రైవర్‌ని, అంటే తెరని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్కసారి రెప్పవేసినట్టు ఆరి వెలిగితే, బిగుసుకున్నది చిత్రమే తప్ప పని కాదని తెలుస్తుంది. ఏదీ పనిచేయనప్పుడు మాత్రమే పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోవడం.

ఇక్కడో మెలిక ఉంది. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ జతగా కొన్నప్పుడు రెండింటికీ ఒకే రిసీవర్, అంటే యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న ముక్క, ఉంటుంది. అది పోర్టులోంచి కాస్త కదిలినా రెండూ ఒకేసారి మూగబోతాయి, చూసినవారు కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుంటారు. అలాంటప్పుడు సాక్ష్యం తెర మీదే దొరుకుతుంది. టాస్క్‌బార్ గడియారంలో నిమిషం మారుతోందా, నడుస్తున్న వీడియో నడుస్తూనే ఉందా అని చూస్తే చాలు.

మౌస్ లేకుండా బండి నడపడం

మౌస్ పనిచేయనివారికి దొరికే సలహాల్లో సగం "ఇక్కడ రైట్ క్లిక్ చేయండి" అని మొదలవుతాయి. ఈత రానివాడికి అవతలి ఒడ్డున తాడుందని చెప్పడం లాంటిది. అందుకే మరమ్మతు కంటే ముందు, కీబోర్డుతో పని నెట్టుకొచ్చే నాలుగు మార్గాలు.

ముందు కంట్రోల్, ఎస్ నొక్కి చేతిలో ఉన్న పని సేవ్ చేసుకోవాలి. ఆల్ట్, ట్యాబ్‌తో కిటికీలు మారతాయి. ఆల్ట్, ఎఫ్4తో మూసుకుంటాయి. విండోస్ కీ నొక్కి కావలసిన ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే అది వస్తుంది. ట్యాబ్ కీ ఒక్కో బటన్ మీదకి తీసుకెళ్తుంది, స్పేస్ లేదా ఎంటర్ దాన్ని నొక్కుతుంది. రైట్ క్లిక్‌కి బదులు షిఫ్ట్, ఎఫ్10.

నంబర్ల గడి విడిగా ఉన్న కీబోర్డయితే ఇంకా హాయి. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కితే మౌస్ కీస్ ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. ఎంటర్ కొడితే 8, 2, 4, 6 అంకెలు బాణాన్ని పైకి, కిందికి, ఎడమకి, కుడికి జరుపుతాయి. 5 నొక్కితే క్లిక్. ప్లస్ గుర్తు డబుల్ క్లిక్. మైనస్ నొక్కి తర్వాత 5 నొక్కితే రైట్ క్లిక్, భాగహారం గుర్తు నొక్కితే మళ్లీ మామూలు క్లిక్‌కి వస్తుంది. నెమ్మదే, కానీ అవసరానికి ఆదుకుంటుంది. పైగా ఇదే ఒక పరీక్ష కూడా. మౌస్ కీస్‌తో బాణం కదిలిందంటే విండోస్‌లో బాణాన్ని నడిపే భాగం సవ్యంగా ఉంది. తప్పు మౌస్‌లోనో, అక్కడి నుంచి వచ్చే దారిలోనో ఉంది.

సగానికి కోసి చూడటం

వేలి కదలిక బాణం దాకా చేరాలంటే ఒక గొలుసు దాటాలి. మౌస్ కింది సెన్సర్, లోపలి చిప్, వైర్ లేదా రేడియో, పోర్టు, విండోస్ డ్రైవర్, చివరగా తెర మీది ప్రోగ్రామ్. ఒక్కో లింకునీ మొదటి నుంచి వెతుక్కుంటూ పోతే పూట పడుతుంది. గొలుసుని మధ్యలో పట్టుకుని, తప్పు అటువైపా ఇటువైపా అని అడగడం తెలివైన పద్ధతి. దానికి రెండు పరీక్షలు చాలు: ఇదే కంప్యూటర్‌కి వేరే మౌస్, ఇదే మౌస్‌కి వేరే యంత్రం.

రెండో కంప్యూటర్ లేదని ఆగక్కర్లేదు. దాదాపు ప్రతి ఇంట్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్ చాలావరకు యూఎస్‌బీ మౌస్‌ని గుర్తుపడుతుంది. కావలసింది ఓటీజీ అడాప్టర్ ఒక్కటే, ఫోన్ ఛార్జింగ్ రంధ్రాన్ని యూఎస్‌బీ పోర్టుగా మార్చే చిన్న ముక్క. మౌస్ వైర్ గానీ, వైర్‌లెస్ మౌస్ రిసీవర్ గానీ దానికి తగిలించి ఫోన్‌లో పెడితే తెర మీద చిన్న బాణం ప్రత్యక్షమవుతుంది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీని ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది కూడా. ఫోన్ మీద బాణం నడిచి, క్లిక్ చేస్తే యాప్ తెరుచుకుంటే మౌస్‌కి ఏ జబ్బూ లేదు. షాపుకి వెళ్లే ఆటో ఖర్చు మిగిలింది.

ఓటీజీ పనిచేసే ఫోన్‌లోనూ కదలకపోతే తప్పు మౌస్‌దే. ఇక డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల జాబితా చూపే విండోస్ పేజీ), డ్రైవర్లు, విండోస్ రీఇన్‌స్టాల్ అన్నీ మరిచిపోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలెత్తి, పాడైన మౌస్ కోసం విండోస్ మొత్తం తిరగదోడినవారు తక్కువేమీ లేరు.

మూడో పరీక్ష ఇంకొకటుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్2 లేదా డిలీట్ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లాలి. ఈమధ్య వచ్చిన మదర్‌బోర్డుల్లో అక్కడ కూడా మౌస్ పనిచేస్తుంది. విండోస్ ఇంకా లేవకముందే బాణం కదిలితే మౌస్, వైర్, పోర్టు మూడూ నిర్దోషులు. బ్లూటూత్ మౌస్‌కి మాత్రం ఈ పరీక్ష చెల్లదు. దాన్ని కలిపే పని మామూలుగా విండోస్ లేచాకే జరుగుతుంది.

ఎర్ర దీపం సాక్ష్యం చెల్లదు

"కింద లైటు వెలుగుతోంది కదా, మౌస్ బాగానే ఉంది" అన్నది చాలామంది నమ్మకం. ఈ నమ్మకం రెండు వైపులా తప్పుతుంది.

వైర్ మౌస్‌కి లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు 5 వోల్టుల కరెంటు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటా తీగలు. దీపం వెలగడానికి ఎరుపు, నలుపు చాలు. తెల్ల తీగ తెగిపోయినా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం మౌస్ ఉన్నట్టే తెలియదు. మామూలు మౌస్ తన ఉనికిని చెప్పుకునేది ఆ తెల్ల తీగ మీద చిన్న ఓల్టేజీ నిలబెట్టడం ద్వారానే. అది చూశాకే, సెకనుకు 1.5 మెగాబిట్ల నెమ్మది పరికరం వచ్చిందని కంప్యూటర్ గ్రహించి, నువ్వెవరివని అడుగుతుంది. అడిగినదానికి జవాబు సగంలో తెగిపోతే డివైస్ మేనేజర్‌లో "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని, దాని కింద కోడ్ 43 అని కనిపిస్తుంది. ఈ కోడ్ చూడగానే డ్రైవర్ కోసం ఇంటర్నెట్ మీద పడేవారే ఎక్కువ. మౌస్ విషయంలో కోడ్ 43 వస్తే ముందు అనుమానించాల్సింది వైర్‌ని, పోర్టుని.

రెండో వైపు, వైర్‌లెస్ మౌస్‌ల్లో చాలావాటికి ఎర్ర దీపమే ఉండదు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపం వాడతారు, సెల్ ఎక్కువ కాలం రావాలని. దీపం లేదని ఆ మౌస్ చచ్చిపోయిందనుకోకూడదు. చీకటి గదిలో ఫోన్ ముందు కెమెరాతో మౌస్ అడుగు చూస్తే, చాలా ఫోన్లలో ఆ దీపం లేత ఊదా చుక్కలా కనిపిస్తుంది. చూసేముందు ఒకసారి బటన్ నొక్కాలి, లేకపోతే అది నిద్రలో ఉంటుంది.

వైర్ ఎక్కడ తెగుతుంది? మౌస్ మూతిలోంచి వైర్ బయటికి వచ్చే చోట, మొదటి రెండు మూడంగుళాల్లో. రోజూ వందలసార్లు వంగేది అక్కడే. యూఎస్‌బీ పిన్ను దగ్గర తెగడం రెండో స్థానం. మూడోది అసలు ఎలుకల పని. సీపీయూ వెనక చీకట్లో వైర్ కొరికి పోతాయి, పైకి పంటిగాట్లు మాత్రమే కనిపిస్తాయి. పరీక్షించాలంటే మౌస్‌ని పోర్టులో ఉంచి, స్పీకర్ పెంచి, వైర్‌ని అంగుళం అంగుళం వంచుతూ పోవాలి. విండోస్ పరికరం వచ్చినప్పుడు ఒక శబ్దం, పోయినప్పుడు ఇంకో శబ్దం చేస్తుంది. ఎక్కడ వంచితే ఆ రెండు శబ్దాలు ఒకదాని వెంట ఒకటి మోగుతాయో తెగిన చోటు అదే. కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉంటే మౌస్ విప్పి, పిన్ను వైపు నుంచి బోర్డు వైపుకి నాలుగు తీగల్నీ బీప్ పెట్టి చూడవచ్చు, శబ్దం రాని తీగే తెగినది. చవక మౌస్‌ల్లో తీగల రంగుల్ని నమ్మకూడదు. యూఎస్‌బీ పిన్నులో ఒక చివర కరెంటు, రెండో చివర గ్రౌండ్, మధ్యలో రెండూ డేటా. ఈ వరసని బట్టి వెతుక్కోవాలి. కరెంటు, గ్రౌండ్ తారుమారైతే మౌస్ చిప్ అక్కడికక్కడే పోతుంది.

తెగిన భాగాన్ని కత్తిరించి తిరిగి సాల్డరింగ్ చేయడం పది నిమిషాల పని. మౌస్ డేటా పంపే వేగం తక్కువ కాబట్టి చేత్తో అతికిన జాయింటు కూడా దానికి సరిపోతుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వైర్‌కి ఇదే వైద్యం చేస్తే పనికిరాదు. మూత బిగించేముందు వైర్‌కి లోపలివైపు ఒక ముడి వేస్తే, లాగినప్పుడు బరువు జాయింటు మీద పడదు.

సెల్, రిసీవర్, గాలిలో గోల

వైర్‌లెస్ మౌస్ ఆగితే మొదట చూడాల్సింది అడుగునున్న చిన్న స్విచ్. బ్యాగులోంచి తీసేటప్పుడు అది ఆఫ్ వైపు జరుగుతుంది. కొన్నింటికి 1, 2, 3 అని చానల్ బటన్ ఉంటుంది. పొరపాటున అది నొక్కుకుంటే మౌస్ ఇంకో కంప్యూటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

తర్వాత సెల్. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు, కాస్త పైన కూడా చూపిస్తుంది. మల్టీమీటర్‌లో 1.1 దాకా దిగితే మార్చేయడమే మంచిది. బాణం ముందు అదురుతూ, తడబడుతూ, కాసేపు ఆగుతూ నడుస్తుంది, తర్వాతే పూర్తిగా ఆగుతుంది. అంటే మౌస్ వారం ముందే నోటీసు ఇస్తుంది. రీఛార్జబుల్ సెల్ నిండుగా ఉన్నా 1.2 వోల్టులే కాబట్టి కొన్ని మౌస్‌లు బ్యాటరీ తక్కువుందని తప్పుగా గోలపెడతాయి. ఆ హెచ్చరికని పట్టించుకోనక్కర్లేదు.

ఆల్కలైన్ సెల్ ఎక్కువ కాలం అలాగే వదిలేస్తే కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. గాలి తగిలి తెల్లటి పొడిగా గడ్డకట్టి స్ప్రింగుని కప్పేస్తుంది, కరెంటు దాటదు. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచిన దూది పుల్లతో రుద్దితే కరుగుతుంది. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక కొత్త సెల్ వెయ్యాలి. ఆ పొడి చేతికంటితే కడుక్కోవాలి, ఆ చేత్తో కంటిని తాకకూడదు. స్ప్రింగు తుప్పుపట్టి పొట్టిదైపోతే సెల్ వదులుగా ఊగుతుంది. తట్టినప్పుడు మౌస్ బాగై, మళ్లీ ఆగడం దీని గుర్తు. బల్లకేసి తట్టే అలవాటు పనిచేసే సందర్భం బహుశా ఇదొక్కటే.

సెల్ బాగుండి మౌస్ ఆగుతూ సాగుతూ ఉంటే గాలిలో గోలని అనుమానించాలి. ఈ మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. పాత వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. కానీ అసలు దోషి చాలాసార్లు పక్క పోర్టే. యూఎస్‌బీ 3.0 పోర్టులో, తరచుగా లోపల నీలం రంగులో ఉండేదాంట్లో, హార్డ్ డిస్కో పెన్‌డ్రైవో పనిచేస్తున్నప్పుడు ఆ సంకేతాల రొద సరిగ్గా 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్యకి కూడా చిందుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో ఈ సంగతిని కొలతలతో సహా ప్రచురించింది. ఫైలు కాపీ అవుతున్నంతసేపే మౌస్ తడబడి, కాపీ ముగియగానే కుదుటపడితే నిదానంగా ఆలోచించక్కర్లేదు, కారణం ఇదే. రిసీవర్‌ని అరమీటరో మీటరో ఎక్స్‌టెన్షన్ వైర్‌తో దూరంగా, మౌస్‌కి ఎదురుగా పెడితే పోతుంది. సీపీయూ వెనక ఇనప డబ్బా చాటున రిసీవర్ ఉంచి ముందు కూర్చుని మౌస్ కదిపేవారికి ఈ వైర్ మరీ అవసరం.

బ్లూటూత్ మౌస్ వేరే జాతి. దానికి రిసీవర్ ఉండదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కుకుంటే ఇది ఆగుతుంది. రిసీవర్ ఉన్న మౌస్ ఆగదు. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే, ఒకదాంట్లో జతకట్టిన మౌస్‌ని రెండోదాంట్లో కూడా జతకట్టగానే మొదటిదానికి అది పరాయిదైపోతుంది. రెండు వ్యవస్థలకీ బ్లూటూత్ చిరునామా ఒకటే, జతకట్టినప్పుడు మౌస్ గుర్తుంచుకునే రహస్య సంకేతం మాత్రం కొత్తగా ఇచ్చినదే. విండోస్‌లో పాతదాన్ని తీసేసి మళ్లీ కలపాలి.

రిసీవర్ పోగొట్టుకున్నవారికి కబురు అంత బాగుండదు. చవక మౌస్ తన రిసీవర్‌తో ఫ్యాక్టరీలోనే ముడిపడి వస్తుంది, వేరే రిసీవర్ పెడితే గుర్తుపట్టదు. లాజిటెక్‌లో నారింజ రంగు నక్షత్రం గుర్తున్న యూనిఫైయింగ్ రిసీవర్ ఆరు పరికరాల దాకా కలుపుకుంటుంది కాబట్టి కొత్తది కొని జతచేయవచ్చు. అదే కంపెనీ 2021లో తెచ్చిన బోల్ట్ రిసీవర్‌కీ దీనికీ పొత్తు కుదరదు. కొనేముందు మౌస్ అడుగున ఏ గుర్తుందో చూసుకోవాలి.

క్లిక్ పడుతుంది కానీ కదలదు, కదులుతుంది కానీ క్లిక్ పడదు

ఈ రెండూ విడివిడి జబ్బులు. విడదీసి చూస్తే పని సులువవుతుంది.

క్లిక్ పడుతూ బాణం మాత్రం కదలకపోతే వైర్, పోర్టు, డ్రైవర్ అన్నీ పనిచేస్తున్నట్టే, తప్పు సెన్సర్‌ది లేదా కింది ఉపరితలానిది. ఆప్టికల్ మౌస్ అంటే నిజానికి కింది నేలని ఫొటోలు తీసే కెమెరా. పాత చవక సెన్సర్ కూడా అడ్డం 18, నిలువు 18 చుక్కల బుల్లి ఫొటోలు సెకనుకి 1500 తీసి, ఒకదానితో ఒకటి పోల్చి ఎటు జరిగిందో లెక్కగడుతుంది. పోల్చడానికి నేల మీద గరుకు, మచ్చ, పీచు ఏదో ఒకటి ఉండాలి. గాజు డైనింగ్ టేబుల్ మీద, మెరిసే గ్రానైట్ బండ మీద అన్ని ఫొటోలూ ఒకేలా వస్తాయి, మౌస్ కదలలేదనే అనుకుంటుంది. కింద ఒక దినపత్రిక పరిచి చూస్తే సంగతి తెలుస్తుంది. లెన్సుకీ నేలకీ మధ్య ఉండాల్సిన దూరం రెండున్నర మిల్లీమీటర్ల లోపే. అడుగున అంటుకున్న జిడ్డు మడ్డి మౌస్‌ని కొంచెం ఎత్తినా ఫొటో మసకబారుతుంది. లెన్సు గుంటలో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా బాణం ఒకచోటే వణుకుతుంది. పొడి దూది పుల్లతో, ఊదే గాలితో తీయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే పుల్ల తడిస్తే చాలు, కారకూడదు.

బాణం కదులుతూ క్లిక్ పడకపోతే ముందు ఎస్కేప్ కీ, తర్వాత ఆల్ట్, ట్యాబ్. కనపడని డైలాగ్ బాక్సు ఒకటి వెనక నిలబడి అన్ని క్లిక్కుల్నీ మింగుతూ ఉండవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ తేరుకుంటుంది.

అక్కడా తేలకపోతే, వేరే ఏదో బటన్ నొక్కుకునే ఉందేమో చూడాలి. ఒక బటన్ కిందికి దిగి ఉన్నంతసేపూ విండోస్ దాన్ని వదలని లాగుడుగా లెక్కిస్తుంది, మిగతా క్లిక్కులు పట్టవు. బీరువా మీద ఫైలు కింద నలుగుతున్న రెండో మౌస్ కావచ్చు. ల్యాప్‌టాప్‌లోనైతే ఇంకో ప్రమాదం ఉంది. లోపలి బ్యాటరీ ఉబ్బితే టచ్‌ప్యాడ్‌ని కిందినుంచి పైకి తోస్తుంది. దాని బటన్ నొక్కుకుపోతుంది, లేదా అసలు నొక్కబడదు. టచ్‌ప్యాడ్ ఒక అంచున లేచినట్టున్నా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోక ఊగుతున్నా వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కడం, పొడవడం, ఇంకొన్నాళ్లు లాగించడం నిప్పుతో ఆట. సర్వీస్ సెంటర్‌లో మార్పించాల్సిందే.

టచ్‌ప్యాడే పూర్తిగా ఆగితే ఎక్కువసార్లు ఎఫ్ కీల వరసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ నొక్కుకుపోయి ఉంటుంది. ఎఫ్‌ఎన్‌తో కలిపి మళ్లీ నొక్కితే వస్తుంది. మౌస్ తగిలించగానే టచ్‌ప్యాడ్ ఆపేసే ఏర్పాటు కూడా విండోస్ సెట్టింగ్స్‌లో ఉంది.

డ్రైవర్ చివరి అనుమానితుడు

మామూలు మౌస్‌కి విడిగా డ్రైవర్ అంటూ ఉండదు. మౌస్, కీబోర్డు లాంటి పరికరాలకి యూఎస్‌బీలో ఒకే ఉమ్మడి భాష ఉంది. ఆ భాష తెలిసిన డ్రైవర్ విండోస్‌లోనే పుట్టుకతో ఉంటుంది, రెండు వందల రూపాయల మౌస్‌కీ రెండు వేల రూపాయల మౌస్‌కీ అదే. అందుకే మౌస్ డ్రైవర్ అప్‌డేట్ చేస్తామని వచ్చే ప్రోగ్రాముల్లో దాదాపు ఏదీ అక్కరకు రాదు. కొన్ని చెత్త మోసుకొస్తాయి. గేమింగ్ మౌస్ బటన్లకి ప్రత్యేక పనులు అప్పజెప్పే సాఫ్ట్‌వేర్ వేరే సంగతి.

ఫోన్‌లో పనిచేసిన మౌస్ కంప్యూటర్‌లో పనిచేయకపోతేనే ఇక్కడికి రావాలి. మొదట పోర్టు మార్చాలి. సీపీయూ ముందుభాగం పోర్టులు లోపల ఒక చిన్న వైర్‌తో బోర్డుకి కలుస్తాయి, అది వదులవుతుంది. వెనక పోర్టులు బోర్డుకే అతికి ఉంటాయి, కాబట్టి పరీక్ష అక్కడ చేయాలి. ఒక పోర్టుని నాలుగైదుగా చేసే హబ్, డాక్ లాంటివి తీసేసి మౌస్‌ని నేరుగా పెట్టాలి. తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం రీస్టార్ట్‌తో సమానం కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ గుండెకాయ డిస్కులో దాచుకుని, మర్నాడు అదే స్థితిలో లేస్తుంది, పాత తికమకతో సహా. రీస్టార్ట్ అన్నప్పుడే అంతా కొత్తగా మొదలవుతుంది.

అప్పటికీ కాకపోతే పోర్టులోని కరెంటుని పూర్తిగా వదిలించాలి. డెస్క్‌టాప్ అయితే ఆపి, గోడ స్విచ్ కూడా తీసి, పవర్ బటన్‌ని 20 సెకన్లు నొక్కి పట్టుకుని, ఒక నిమిషం ఆగి ఆన్ చేయాలి. పోర్టు ఓవర్‌లోడ్ రక్షణ ఒకసారి తెగితే కొన్ని బోర్డుల్లో ఇలా చేసేదాకా తిరిగి కలవదు.

డివైస్ మేనేజర్‌కి కీబోర్డు దారి ఇది. విండోస్ కీ, ఎక్స్ కలిపి, తర్వాత ఎం. ట్యాబ్ నొక్కి జాబితాలోకి వెళ్లి, కింది బాణం కీతో "మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్" దాకా దిగి, కుడి బాణం నొక్కితే విచ్చుకుంటుంది. "హెచ్ఐడీ కంప్లయంట్ మౌస్" మీద ఎంటర్ కొడితే దాని స్థితి, కోడ్ కనిపిస్తాయి. డిలీట్ కొట్టి, ఎంటర్‌తో ఒప్పుకుని, మౌస్ పీకి పది సెకన్ల తర్వాత పెడితే విండోస్ దాన్ని కొత్తగా నమోదు చేసుకుంటుంది. జాబితాలో ఉన్న యూఎస్‌బీ రూట్ హబ్‌ని మాత్రం తొలగించకూడదు. మౌస్ సంగతేమో గానీ కీబోర్డు కూడా దానితోపాటు పోతుంది, అప్పుడు నిజంగానే చేతులు కట్టేసినట్టవుతుంది.

నిద్రలోంచి లేచిన ప్రతిసారీ మౌస్ చచ్చిపోయి, పీకి పెడితే బతుకుతుంటే, అది కరెంటు పొదుపు చలవ. అదే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కు తీసేయాలి. బ్లూటూత్ మౌస్ అయితే ఇదే టిక్కు బ్లూటూత్ అడాప్టర్‌లో ఉంటుంది, అన్ని కంప్యూటర్లలోనూ కనపడకపోవచ్చు.

తప్పు నిజంగా మైక్రోసాఫ్ట్‌దే అయిన సందర్భం ఇటీవలే జరిగింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 11కి వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలో మామూలుగా మౌస్ పనిచేసేది. కానీ విండోస్ పాడైనప్పుడు మరమ్మతు కోసం వచ్చే నీలం తెర, అంటే రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లో, యూఎస్‌బీ మౌస్, కీబోర్డు రెండూ కదలలేదు. మందు సీసా ఉంది, మూత రాదు. ఆరు రోజుల తర్వాత, అక్టోబర్ 20న, కేబీ5070773 అనే విడి అప్‌డేట్‌తో సరిచేశారు. ఆ వారంలో పాత గుండ్రటి పీఎస్/2 పిన్ను ఉన్న కీబోర్డులు మాత్రం ఆ తెర మీద పనిచేశాయి, ఎందుకంటే వాటి దారి యూఎస్‌బీ గుండా పోదు. పాత ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లలో ఆకుపచ్చ గుండ్రటి రంధ్రంలో పెట్టే పీఎస్/2 మౌస్ ఇప్పటికీ కనిపిస్తుంది. అది కంప్యూటర్ నడుస్తుండగా పీకి పెడితే లేవదు. ఆపి, పెట్టి, ఆన్ చేయాలి.

బాగుచేయడమా, కొత్తది కొనడమా? రెండు మూడు వందల రూపాయల వైర్ మౌస్‌కి వైర్ తెగితే, సాల్డరింగ్ సామాను ఇంట్లో ఉంటేనే మరమ్మతు లెక్క కుదురుతుంది. బటన్ స్విచ్ అరిగి ఒక నొక్కుకి రెండు క్లిక్కులు పడే జబ్బు వేరు. మూడు కాళ్ల మైక్రోస్విచ్ మారిస్తే ఖరీదైన మౌస్ ఇంకొన్నేళ్లు వస్తుంది, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి విడిభాగాల బజార్లలో ఆ స్విచ్ కోసం అడిగి చూడవచ్చు. పాత మౌస్ పారేసేముందు అందులోని మంచి స్విచ్‌ని, పొడవైన వైర్‌ని విప్పి దాచుకుంటే తర్వాతి మౌస్‌కి పనికొస్తాయి. చవక మౌస్ రిసీవర్ మాత్రం దాచక్కర్లేదు, దాని మౌస్ లేకుండా అది ఎందుకూ కొరగాదు.